దిద్దుబాటే విద్య

కవిత్వము పుట్టుకతో రావలసినదే కాని నేర్చినచో వచ్చునది కాదని మనలో నొక నమ్మిక కలదు. దీనివలన లాభపడినది సోమరితనమొక్కటియే. మన ఆలంకారికులు ఇట్లు చెప్పలేదు. సహజశక్తియు, లోకశాస్త్రకావ్యముల పరిశీలనమువలన గలుగు నైపుణ్యమును, తెలిసినవారి శిక్షలో చేయు అభ్యాసమును, ఈ మూడును కలిసి ఒక్కటే హేతువని మమ్మటుడు నిర్ణయించెను. ఒకటి లోపించినను తక్కిన రెండును నిలువవు.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. గురజాడ అప్పారావుగారు యౌవనమున ఆంగ్లమున కవిత్వము వ్రాసి మెప్పు గడించిరి. కలకత్తా పత్రికాసంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ ఆ ప్రతిభను శ్లాఘించుచునే స్వభాషలో వ్రాయుమని హితవు చెప్పెను. పొగడ్తతోపాటు వచ్చిన హితవును చెవినిడువారు అరుదు. అప్పారావుగారు చెవినిడిరి.

'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. విశాఖపట్టణ మండలమున ఇట్టి వివాహముల పట్టికను ఆనందగజపతి మహారాజు తయారుచేయింపగా 1034 తేలినవని గ్రంథకర్తయే పీఠికలో తెలిపెను. ఆ లెక్కను చూచి ఉపన్యాసకుడు ఒక ఉపన్యాసము చేయును. అప్పారావుగారు ఆ అంకెల వెనుకనున్న మనుష్యుల మాటలను ఆలకించిరి. అగ్నిహోత్రావధానుల కోపము ఒక రీతిని పలుకును. గిరీశముయొక్క డంబము ఇంగ్లీషు ముక్కలతో వేఱొక రీతిని పలుకును. ఎవరి నోట ఎవరి మాట యుండవలెనో గ్రహించుటయే ఆయన సాధించిన విద్య.

అంతటితో ఆయన తృప్తి చెందలేదు. ప్రదర్శితమై, ముద్రితమై, పేరు తెచ్చిన నాటకమును మరల చేతబట్టి తిరుగవ్రాసిరి. 1909లో వెలువడిన రెండవ కూర్పున అయిదంకములు ఏడయినవి. మధురవాణి పాత్ర విస్తరిల్లి నాటకమునకే ఆయువుపట్టయినది. నేడు మనము తలచుకొను కన్యాశుల్కము ఈ రెండవదియే. పండ్రెండేండ్ల క్రింద అచ్చయిన ప్రతితోనే సంతసించి యుండినచో మన సాహిత్యమునకు ఈ మధురవాణి లేదు. ఒక్క దుక్కితో పొలమును విడిచి పంటకు ఎదురుచూచు రైతును మన మెవ్వరము చూడలేదు. రచయితలను మాత్రము దినదినమును చూచుచున్నాము.

నేటి సాధనములు వ్రాసిన గడియలోనే రచనను వేలమందికి చేర్చుచున్నవి. అది మేలే. కాని ఎడమును పోగొట్టినవి. వ్రాసినదానిని కొన్నాళ్లు పెట్టెలో నుంచి, పరాయివాని రచనవలె తీసి, పైకి చదివి చూడుడు. నాలుక తడబడినచోట వాక్యము తప్పినదని యెఱుగుడు. ఇది నేను విన్న మాటయా, ఎవరి పుస్తకమునుండియో వచ్చిన మాటయా అని ప్రతి పదమును నిలదీయుడు. ఎరువు సొమ్ములను ఒక్కటొక్కటిగా తీసివేయగా మిగిలినదే మీ సొంత పలుకు. మొదట అది కొంచెమే యుండును, భయపడవలదు.

ఈ హితవును మేము గ్రాంథికమున వ్రాయుచున్నామని నవ్వువారుందురు. నవ్వుదురు గాక! సొంత పలుకు గ్రాంథికమున నున్నదా, వ్యవహారమున నున్నదా అనునది వేఱు వివాదము. వాడుకభాషలో వ్రాసినంతమాత్రమున అనుకరణము సొంతము కాదు. చూచినదానిని చూచినట్లు చెప్పుటకు తగిన మాట దొరకువఱకు వెదకువాడే రచయిత.

తన కష్టమును తన మాటలలో చెప్పుకొనలేని జాతి తరపున ఇతరులు మాటలాడుదురు. ఆ మాటలు వారికి అనుకూలముగనే యుండును. కావున, యువకులారా, అచ్చునకు తొందరపడకుడు. మరల వ్రాయుడు.