అటు కలిస్తే ఏమొస్తుంది, ఏం పోతుంది?

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు ఊళ్లలో ‘మమ్మల్ని తెలంగాణలో కలపండి’ అనే మాట అప్పుడప్పుడు లేస్తూనే ఉంటుంది. 2018లో అక్కడ రైతుబంధు వచ్చాక ఆ మాటకు బలం పెరిగింది. ఎకరాకు పంటకు 4 వేలు, తర్వాత 5 వేలు, పైగా 24 గంటల ఉచిత కరెంటు. గట్టు అవతలి చేనుకు అందేది ఇవతలి చేనుకు అందకపోతే రైతుకు కడుపు మండదా?

మొన్న మా పై తరగతి పిల్లలకు ఇదే చర్చ పెట్టాం. లాభాలతో బోర్డు నిండింది. బంజారాలు అక్కడ ఎస్టీలు, ఇక్కడ విముక్త జాతులు అని కూడా రాశారు. నష్టాల వైపు ఖాళీ.

2023 డిసెంబరులో అక్కడ ప్రభుత్వం మారింది, పథకం పేరూ మారింది అని గుర్తు చేశాం. పథకం మారినంత తేలిగ్గా సరిహద్దు మళ్లీ మారదు కదా!

1956 నవంబరు 1 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆ రోజున మనం బొంబాయి రాష్ట్రంలోకి, అవతలివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లారు. అదే ఏడాది రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు చూడాలంటుంది. మన తెలుగు బడి కోసం అధికారుల ముందు మనం ఎత్తే మాట అదే.

ఇది విని వెనుక బెంచీ పాప అడిగింది: “మరి ఊరు అటు కలిస్తే, మరాఠీ పిల్లల బడి ఎవరు చూస్తారు సార్?”

నష్టాల వైపు మొదటి గీత అప్పుడు పడింది.