గీజర్ గొంతులో సున్నం

హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్లే దిక్కయిన ఫ్లాట్లలో చలికాలం వస్తే చాలు, గీజర్ టపటపమంటుంది. నీళ్లు ఓ పట్టాన కాగవు. షవర్ రంధ్రాలు తెల్లగా పూడుకుపోతాయి. 'ఉప్పు పట్టింది' అంటాడు ప్లంబర్. నిజానికి అది సున్నం. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి కార్బనేట్‌గా మారి కాయిల్‌కూ పైపులకూ గారలా అంటుకుంటుంది.

తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకుంటే 600 వరకు ఫర్వాలేదని 2012 నాటి భారతీయ ప్రమాణం చెబుతోంది. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా గీజర్‌ను పాడుచేయవచ్చు. వంటింట్లోని ఆర్‌ఓ ఫిల్టర్‌తో స్నానాల గదికి ఒరిగేదేమీ లేదు.

చాలామంది చేసే పొరపాటు బాత్రూం యాసిడ్ పోయడం. అది సున్నంతో పాటు ఇనుప పైపులనూ కుళాయి మెరుగునూ తినేస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వెలువడుతుంది. షవర్‌ను విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే చాలు. గీజర్ వేడిని 60 డిగ్రీల దగ్గర ఆపి, ఏటా ఓసారి మెకానిక్‌తో విప్పించి కడిగించాలి. ఇల్లంతటికీ పరిష్కారం కావాలంటే ట్యాంకు దగ్గర సాఫ్ట్‌నర్ తప్పదు. దాన్ని పనిచేయించేది మాత్రం అచ్చమైన ఉప్పే.