జడలకు చట్టం, పొడవుకు శిక్ష

మీకు తెలుసా? జుట్టు తీరు నచ్చలేదని పిల్లల్ని తరగతికి దూరం పెట్టకూడదని అమెరికాలో ఏకంగా చట్టాలే చేయాల్సి వచ్చింది. మొదట చేసింది కాలిఫోర్నియా. సెనేటర్ హాలీ మిచెల్ పెట్టిన ‘క్రౌన్’ బిల్లుపై గవర్నర్ గావిన్ న్యూసమ్ 2019 జులై 3న సంతకం చేశారు. పనిచేసే చోటుకూ, ప్రభుత్వ బడికీ రెంటికీ అది వర్తిస్తుంది.

ఆఫ్రికన్ మూలాలున్న చాలామందిది బిగుతుగా రింగులు తిరిగిన జుట్టు. త్వరగా పొడిబారుతుంది, దువ్వెనతో లాగితే తెగిపోతుంది. అందుకే సన్నని జడలుగా అల్లుకుంటారు, పాయలు మెలిపెడతారు, లేదా లాక్స్‌గా జడలు కట్టనిస్తారు. జుట్టును కాపాడుకునే పద్ధతి ఇది. అది ‘శుభ్రంగా లేదు’ అని బడి అంటే, పిల్లలకు మిగిలేవి రెండే దారులు: రసాయనాలు రాసి సాగదీయడం, కత్తిరించేయడం.

పాత పౌరహక్కుల చట్టం ఇక్కడ అక్కరకు రాలేదు. లాక్స్ తీసేయనన్నందుకు ఉద్యోగం చేజారిన అలబామా మహిళ కేసులో 2016లో అప్పీలు కోర్టు, జుట్టు స్వభావం పుట్టుకతో వచ్చిందే గానీ దాన్ని ఎలా ఉంచుకోవాలన్నది ఎవరి ఇష్టం వారిదని తేల్చింది. క్రౌన్ చట్టం ఆ గీత చెరిపేసి, జాతి నిర్వచనంలోనే ఈ అల్లికలన్నిటినీ చేర్చింది.

టెక్సస్ కథ మాత్రం మనసును కలచివేస్తుంది. హ్యూస్టన్‌కు తూర్పున బార్బర్స్ హిల్ అనే స్కూల్ డిస్ట్రిక్ట్ ఉంది. లాక్స్ కత్తిరించుకోమని అక్కడ నల్లజాతి విద్యార్థులను ఒత్తిడి చేయడంపై 2020లో గొడవ రేగింది. ఆ రాష్ట్రంలో క్రౌన్ చట్టం రావడానికి ఆ గొడవ కూడా ఒక కారణం. చట్టం 2023 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే వారంలో, అదే డిస్ట్రిక్ట్‌లో, లాక్స్‌ను మెలిపెట్టి నడినెత్తిన ముడి వేసుకున్న ఒక హైస్కూల్ అబ్బాయిని తరగతి నుంచి తప్పించారు. ఆ విద్యాసంవత్సరంలో చాలా భాగం అతను తోటివాళ్లతో కూర్చుని పాఠం వినలేదు.

డిస్ట్రిక్ట్ వాదన ఏమిటంటే, లాక్స్‌కు అభ్యంతరం లేదు, పొడవుకే అభ్యంతరం. ముడి విప్పితే అబ్బాయిల జుట్టు కనుబొమలు, చెవి తమ్మెలు, కాలర్ దాటి కిందికి రాకూడదన్నది వాళ్ల నియమం. చట్టంలో అల్లికల పేర్లున్నాయి, పొడవు అన్న మాట లేదు. 2024 ఫిబ్రవరిలో జడ్జి డిస్ట్రిక్ట్ పక్షానే తీర్పిచ్చారు. కత్తిరించకుండా పెంచితేనే కదా లాక్స్ నిలిచేవి! పొడవును నిషేధించి అల్లికను అనుమతించామనడం నా దృష్టిలో ఆ హక్కును వెనక్కి లాక్కోవడమే. ఆ ఒక్క మాట చట్టంలోకి ఎక్కించడం శాసనసభ చేతిలో పని.

దేశమంతటికీ ఒకే చట్టం కోసం వచ్చిన బిల్లు ప్రతినిధుల సభలో 2020లోనూ 2022లోనూ గట్టెక్కింది, సెనేట్‌లో మాత్రం గట్టెక్కలేదు. అందుకే పిల్లల హక్కు రాష్ట్రాన్ని బట్టి మారుతోంది. టెక్సస్‌లో మన తెలుగు కుటుంబాలు బోలెడున్నాయి. మొక్కు కోసమో, ముచ్చటపడో అబ్బాయికి జుట్టు పెంచుతున్నవాళ్లు బడిలో చేర్పించే ముందు ఆ డిస్ట్రిక్ట్ డ్రెస్ కోడ్‌లో పొడవు గురించి ఏం రాసి ఉందో ఒకసారి చదువుకోవాలి.