ఈ వారం ఏ బొమ్మల కథల పుస్తకం కొనాలి?

అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారం బుధవారం అంగళ్లకు వస్తాయి. ఎవరికి ఏది కావాలో అంగడాయన ముందే రాసుకొని పక్కన తీసిపెడతాడు. మన అరసికెరెకు అట్లాంటి బుధవారం లేదు. పావగడకో, మడకశిరకో, హిందూపురానికో పోయినప్పుడు దొరికినదాంట్లోనే ఏరుకోవాలి. ఒకప్పుడు ఇంత ఆలోచన అక్కర్లేదు. 1947 జూలైలో మొదలైన చందమామ నెలనెలా వచ్చేది, అది తెస్తే సరిపోయేది. కన్నడంలోనూ వచ్చేది. దానికి ముఖచిత్రాలు వేసిన ఎం.టి.వి. ఆచార్య కర్ణాటకవారే. ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది. ఇప్పుడు ఎంచుకునే పని మీదీ, మీ పిల్లలదీ.

వారానికి యాభై రూపాయలు పక్కన పెట్టారనుకుందాం. అంగట్లో ముందు చూడాల్సింది అట్ట కాదు, లోపలి అక్షరాలు. మన లిపికి గుడులు పైన, వత్తులు కింద. ఇంగ్లీషు వరుస కంటే తెలుగు వరుసకు ఎత్తు ఎక్కువ కావాలి. ఇంగ్లీషులో తయారైన కామిక్‌ను తెలుగు చేసేటప్పుడు బొమ్మ మారదు, మాటల బుడగ సైజూ మారదు. అందుకే ఆ బుడగలో తెలుగును ఇరికిస్తారు. వత్తు కింది వరుసకు తగులుతుంది, 'స్త్ర' లాంటిది నల్ల చుక్కలా కనిపిస్తుంది. పెద్దవాళ్లం అలవాటుతో చదివేస్తాం. మూడో తరగతి బిడ్డ అక్కడే ఆగి, ఆ తర్వాత బొమ్మలు మాత్రమే తిప్పుతాడు. "చదివినా" అంటాడు, చదివి ఉండడు! కాబట్టి ఏదైనా నడిమి పేజీ తీసి, ఒక బుడగ గట్టిగా చదవమనండి. రెండు చోట్ల తడబడితే ఫరవాలేదు. ప్రతి బుడగలో తడబడితే ఈ వారం అది వద్దు.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. బస్సు బోర్డు కన్నడం, అంగడి బోర్డు కన్నడం, ఇంట్లో మాట తెలుగు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కానీ త, శ లాంటివి ఇక్కడొక తీరు, అక్కడొక తీరు. బడి బయట తెలుగు అచ్చు కంటికి ఆనకపోతే చేతిరాతలో రెండూ కలిసిపోతాయి. అందుకే కొనేది నెలకు ఒక్కటే అయినా అది తెలుగుదై ఉంటే మంచిది. అదే కథ కన్నడంలోనూ దొరికితే వదలొద్దు. కథ ముందే తెలుసు కాబట్టి రెండోది వేగంగా సాగుతుంది.

కార్కళలో పుట్టిన అనంత్ పై 1967లో మొదలుపెట్టిన అమర్ చిత్ర కథలు తెలుగులోనూ వచ్చాయి. మామూలు పుస్తకం 32 పేజీలు, ఒక్కదాంట్లోనే కథ ముగుస్తుంది. మన ఊరివాళ్లకు ఇది పెద్ద సంగతి. "తరువాయి వచ్చే సంచికలో" అని ఉన్నది కొంటే ఆ వచ్చే సంచిక పావగడకు వస్తుందో రాదో! చివరి పేజీ చూడకుండా డబ్బులివ్వొద్దు. కృష్ణదేవరాయలు, తెనాలి రామన్న మీద కూడా ఈ వరుసలో పుస్తకాలున్నాయి. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ మనకు దగ్గరే కదా, చదివిన తర్వాత కోట చూపించండి.

పిల్లలూ, ఇది మీకు. అమ్మానాయన నీతికథే కొంటామంటారు, మీకేమో దెయ్యాల కథ కావాలి. మూడు పుస్తకాల్లో రెండు మీ ఇష్టం, ఒకటి వాళ్లిష్టం అని బేరం పెట్టండి. న్యాయమైన బేరమే. తల్లిదండ్రులకు మాత్రం ఒక మాట: నవ్వించే పుస్తకాన్ని చిల్లరదని తీసెయ్యకండి. బిడ్డ రెండోసారి, మూడోసారి అడిగి చదివేది సాధారణంగా అదే.

మూడు ఇళ్లవాళ్లు కలిసి వారానికొకరు కొని మార్చుకుంటే యాభైకి మూడు పుస్తకాలు. అట్ట మీద పేరు రాసుకోండి. కొనే వీలు లేని వారం, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు, కన్నడ బొమ్మల కథలు ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు. అక్కడ దొరికేదాన్ని అంగట్లో డబ్బు పెట్టి కొనేముందు ఒకసారి వెతికి చూడండి.