మంచు ఏరు దిగే ఒడ్డు

అక్కలారా, ఇబ్రహీంపట్నంలో మే నెల ఎండ మనకు తెలుసు. అట్లాంటి ఎండ ఎన్నడూ చూడని సముద్రపు ఒడ్డు ఒకటి ఉంది. అది భూమికి ఉత్తరపు కొసన, నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉంది.

అక్కడ నాచు, గడ్డి తప్ప పెద్ద చెట్టన్నది లేదు. నవంబరు నుంచి జనవరి దాకా పొద్దే పొడవదు. మే, జూన్, జూలై నెలల్లో పొద్దు గుంకదు. ఇక పడుకునేది ఎప్పుడో!

సముద్రం గుట్టల నడుమకు చొచ్చుకొచ్చి మన పెద్దచెరువు లాగ కనిపిస్తుంది. గుట్టల మీద ఏండ్ల తరబడి కురిసిన మంచు గట్టిపడుతుంది. తన బరువుకు తానే మెల్లగా కిందికి జారుతుంది. ఇదే మంచు ఏరు. ఒడ్డుకు చేరాక పెళ్ళలు పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడుతుంది.

2008లో మన దేశం అక్కడ 'హిమాద్రి' అనే పరిశోధన కేంద్రం తెరిచింది. అంత దూరం ఎందుకంటారా? భూమి వేడెక్కుతున్నది. మంచు ఏర్లు కరిగిపోతున్నాయి. నీళ్ళలో తేలే మంచు కరిగితే సముద్రం పెరగదు. గుట్టల మీది మంచు వచ్చి కలిస్తే పెరుగుతుంది, నిండు బిందెలో ఇంకో చెంబు పోసినట్లు. సముద్రాలన్నీ కలిసే ఉన్నాయి కదా!

కాకినాడ దగ్గరి ఉప్పాడలో సముద్రం ఇప్పటికే ఎన్నో ఇండ్లను మింగింది. అందుకు వేరే కారణాలూ ఉన్నాయి. నీటిమట్టం పెరిగితే ఆ కోత ఇంకా ఎక్కువవుతుంది.