శిక్షయా? శిక్షణయా?

ఇంటికి క్రొత్తగా వచ్చిన కుక్కపిల్ల యెడల ఇంటివారి ముచ్చట సాధారణముగా మొదటి తడిమచ్చ వరకే నిలుచును. తరువాత చాపపై నొకటి, మంచము క్రింద నొకటి, పూజగది గడపకడ నొకటిగా మచ్చలు పెరుగుచుండగా ముచ్చట విసుగగును, విసుగు కోపమగును, కోపము చేతికి చీపురుకట్ట నందించును. “ఎన్నిసార్లు చెప్పినను దీనికి బుద్ధి రాదు” అని ఇంటిపెద్ద తీర్పు చెప్పును. ఆ తీర్పునకు ముందు విచారణ జరిగినదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

మన పల్లెయిండ్లలో ఈ చిక్కు అంతగా లేకుండెను. కుక్క యుండెడి చోటు వీధియరుగో, పశువులసావిడియో, పెరడో. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో అది నాలుగవ అంతస్తున, నున్నని పలకల నేలపై పెరుగుచున్నది. నేల మారినది గాని కుక్క మారలేదు. ఆ నేల మనకు ఇల్లు. దానికి మరియొక నేల మాత్రమే. “ఇచట తగదు, అచట తగును” అన్న భేదమును కల్పించినవాడు మానవుడు. కల్పించినవాడే దానిని నేర్పవలెను.

అట్లని శుచిత్వమన్నది కుక్కజాతికి బొత్తిగా తెలియని విషయము కాదు. పుట్టిన క్రొత్తలో తల్లి నాకినగాని పిల్ల మూత్రవిసర్జనము చేయజాలదు. ఇంచుమించు మూడు వారములు నిండిన పిమ్మట తానే పడక విడిచి నాలుగడుగులు ప్రక్కకు పోవును. ఎనిమిది తొమ్మిది వారముల ప్రాయమున మట్టియో, గడ్డియో, కాగితమో, ఏదో యొక రకపు నేలకు అలవాటుపడ నారంభించును. పడుకొను చోటును పాడుచేసికొనరాదన్న బుద్ధి దానికి సహజముగనే యున్నది. ఆ పడక హద్దును ఇల్లంతటికిని విస్తరింపజేయుటయే మన పని.

ఇక శరీరము మాట. కుక్కపిల్ల వయస్సు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపిన వచ్చునన్ని గంటలు అది మూత్రమును ఆపుకొనగలదని ఒక స్థూలమైన లెక్క కలదు. రెండు నెలల పిల్లకు మూడు గంటలు. అదియును విశ్రాంతిగా నున్నపుడు. ఎగిరి దూకి ఆడుచున్నపుడు గంటసేపు ఆగుటయే గొప్ప. కావున “మాట వినలేదు” అని మనము తలచు సందర్భములలో పెక్కింట జరిగినది ఒక్కటే: అది ఆపుకొనలేకపోయినది.

ఉపాధ్యాయులకు కాలపట్టిక విలువ చెప్పనక్కరలేదు. ఇచటను మొదటి సాధనము అదియే. నిద్ర లేచిన వెంటనే, తిండి తిన్న కొలది నిమిషములకు, ఆట ముగియగానే, రాత్రి పరుండబోవు ముందు పిల్లను వెలుపలికి కొనిపోవలెను. కడుపున ఆహారము పడగానే ప్రేవులు కదలుట జీవధర్మము. తిండికి వేళ యున్నచో విసర్జనమునకును వేళ యేర్పడును. తిండిగిన్నెను దినమంతయు ముందుంచుట తగదు. నీటిని మాత్రము పగటివేళ కరవు చేయరాదు. ఆట నడుమ హఠాత్తుగా ఆగి నేల వాసన చూచుచు చుట్టు తిరుగుట దాని భాషలో అనుమతి కోరుటయే. ఆ చేయెత్తుటను మనము గమనింపవలెను.

ప్రతిసారియు ఒకే చోటికి కొనిపోయి, ఒకే మాట పలికి, మౌనముగా వేచియుండవలెను. పని ముగిసిన క్షణముననే, అచటనే, ఒక మెచ్చుకోలు, ఒక చిన్న తినుబండారము ఈయవలెను. ఇంటిలోనికి వచ్చిన తరువాత ఇచ్చినచో అది లోనికి వచ్చినందుకు బహుమానమగును. ముగియగానే వెనుకకు లాగుకొనివచ్చుటయు పొరపాటే. పని చేసినచో షికారు ముగియునని నేర్చి అది జాగు చేయును. కన్నుంచుటకు వీలులేని వేళ దానిని పడక పట్టునంత చిన్న ఆవరణలో నుంచుట మేలు. టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరుగు చోట్లకు దింపరాదు. ఇంటి ఆవరణమో, వసారాలో పరచిన పాతపత్రికయో చాలును. ఈ ఆదివారపు పుటకే ఆ భాగ్యము పట్టినను పత్రికవారు నొచ్చుకొనరు.

మచ్చను కడుగుటలోను ఒక కిటుకు కలదు. ఫినాయిలు మన ముక్కునకు వాసనను కప్పునేగాని కుక్క ముక్కును మోసగింపలేదు. పాతవాసన మిగిలినంత కాలము ఆ మూల దానికి “ఇచటనే” అని వ్రాసిపెట్టిన ఫలకము. మూత్రములోని పదార్థములను విరుగగొట్టు ఎంజైములు గల ద్రవములు నేడు అంగళ్లలో దొరకుచున్నవి; అవి ఆ ఫలకమును తుడిచివేయును.

ఇంతచేసియు, చీపురుకట్ట పక్షమున వాదించువారు మిగిలియుందురు. అమెరికా దేశీయుడైన ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో జంతువుల అభ్యసనమును గూర్చిన తన పరిశోధనను ప్రకటించెను. సంతృప్తి నిచ్చు ఫలితము వెంటనంటి వచ్చిన చేష్టయే స్థిరపడునని ఆయన పిమ్మట సూత్రీకరించెను. ఈ ‘వెంటనంటి’ అన్నది కీలకము. గంట క్రిందటి మచ్చకడకు పిల్లను ఈడ్చుకొనిపోయి ముక్కు రాచినచో అది నేర్చునది మూత్రపు నియమము కాదు. మన చేయి భయంకరమైనదని మాత్రమే. అటుపిమ్మట అది మన యెదుట మాని, సోఫా వెనుక చాటుగా చేయును. మనము దానిని కపటమందుము.

“తప్పు చేసినట్లు దాని ముఖమే చెప్పుచున్నదే!” అందురు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను శాస్త్రవేత్త్రి ఈ ముఖమునే పరీక్షించెను. తినవలదన్న బిస్కత్తును తినిన కుక్కలను, తినని కుక్కలను కూడ యజమానులచే మందలింపజేసెను. ఆ దోషిముఖము తప్పును బట్టి కాక మందలింపును బట్టి వచ్చినది. తినకయే తిట్లు తిన్న కుక్కలలో మరింత హెచ్చుగా కనబడినది. మనము పశ్చాత్తాపమని చదువుకొనునది భయమేయన్న మాట.

ఈ మాట మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. భారతకథకు ముంగిటనే జనమేజయుని సత్రయాగమున ఆతని తమ్ములు ఒక కుక్కపిల్లను కొట్టిరి. అది ఏడ్చుచు తల్లియైన సరమకడకు పోయెను. వ్యాసభారతమున ఆ తల్లియు మొదట, నీవేదో తప్పు చేసియే యుందువనెను. హవిస్సును నాకలేదు సరికదా, చూడనైన లేదని పిల్ల మొరపెట్టెను. సరమ యాగశాలకు వచ్చి నిలదీయగా ఆ రాకుమారులు బదులు పలుకలేదు. ఊహింపని భయము మీకు కలుగుగాక అని ఆమె శపించెను. నన్నయభట్టు 11వ శతాబ్దమున తెలుగు భారతమును ఆరంభించినపుడు ఈ కథను విడువక చెప్పెను. కుక్కకు ‘సారమేయము’ అన్న పేరు ఈ సరమనుండియే వచ్చినది. మహాసామ్రాజ్యముల కథకు ముందు, విచారింపకయే దండించుట ఎట్టిదో చూపుటకు ఒక కుక్కపిల్ల మొర చాలినది.

కొన్నిట దండనము కేవలము వ్యర్థమే కాదు, హానికరము. కొన్ని పిల్లలు మనము వంగి పలుకరింపగానే భయభక్తులతో రెండు చుక్కలు విడుచును; గద్దించినకొలది అది హెచ్చును. చక్కగా అలవాటుపడిన పిల్ల ఉన్నట్లుండి ఇల్లు తడుపుచున్నచో మూత్రనాళమున వ్యాధి యుండవచ్చును. అపుడు కావలసినది పశువైద్యుడు.

‘శిక్ష’ అను సంస్కృతపదమునకు మూలార్థము నేర్చుట, నేర్పుట. వేదాంగములలో శిక్ష యనగా ఉచ్చారణశాస్త్రము. తెలుగున ఆ మాట దండనార్థమున స్థిరపడగా, నేర్పుటకు ‘శిక్షణ’ మిగిలినది. ఒక్క ధాతువునుండి వచ్చిన రెండు మాటల నడుమ ఇంత యెడమెట్లు వచ్చినదో బడులలో బెత్తము చూచి పెరిగినవారికి వివరింపనక్కరలేదు. బడిపిల్లల విషయమున 2009 నాటి విద్యాహక్కు చట్టము, తన 17వ విభాగమున, శారీరక దండనమును మానసిక వేధింపును నిషేధించి ఆ యెడమును సరిచేయబూనినది. ఇంటిలోని మూగపిల్లకు చట్టమును చదివి వినిపించువారు లేరు, మనమే చదువుకొనవలెను.

కుక్కపిల్లను పెంచు విద్యార్థులకు ఒక చిన్న పని. పదిదినములు ఒక పుస్తకమున తిండి వేళను, నిద్ర వేళను, ప్రతి మచ్చ పడిన వేళను వ్రాసియుంచుడు. మచ్చలలో పెక్కు ఏవో రెండు మూడు వేళలయందే పడుచున్నట్లు మీకే తోచును. అవి మనము తలుపు తీయని వేళలు. రేపటినుండి ఆ వేళలకు పది నిమిషములు ముందుగా తలుపు తీయుడు. ఆరు నెలలు నిండువరకు అప్పుడప్పుడు ఒక మచ్చ పడుట సహజము. దానికి తడిగుడ్డ చాలును.