మండువాకి అద్దం వద్దంది అమ్మ

మాది పోలవరం అనగానే ఎదుటివాళ్ళు "ప్రాజెక్టు ఎంతవరకొచ్చిందండీ?" అని అడుగుతారు. ఆ పోలవరం కాదు. మాది ఐ.పోలవరం. ఐ అంటే ఐలాండ్. గౌతమి, వృద్ధ గౌతమి పాయల మధ్య కొబ్బరిచెట్ల నీడలో ఉండే కోనసీమ ఊరు. ఇంతచెప్పినా అర్థం కాకపోతే మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడి పేరు చెబుతాను. "ఓ... నిత్యకల్యాణం జరిగే గుడి దగ్గరా!" అంటారు అప్పుడు.

ఆ ఊళ్ళో మా పుట్టిల్లు మండువా లోగిలి. వీధి అరుగులు, సావిడి, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ పన్నెండు టేకు స్తంభాలు, వెనక పెరడు, నుయ్యి, గొడ్ల సావిడి. ఇప్పుడది నాలుగు గదుల అతిథిగృహం. ఈ కబురు తెలిసి "కన్నతల్లి బతికుండగానే ఇంటిని హోటలు చేశారా!" అని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. అప్పుడు వాళ్ళకి సర్దిచెప్పలేకపోయాను. మీకైనా చెప్పనివ్వండి.

కలప బేరం

నాన్న 2009లో పోయారు. అన్నయ్య కాకినాడలో, అక్క తణుకులో, నేను విజయవాడలో. అంత ఇంట్లోనూ అమ్మ ఒక్కతే. ఏటా వానాకాలం ముందు పెంకులు నేయించడం, చెదలకి మందు కొట్టించడం, గోడల పెచ్చులు పూయించడం... "ఈ ఇల్లు నన్ను పోషించడం లేదే, నేనే దీన్ని పోషిస్తున్నాను" అనేది అమ్మ.

ఒక వేసవిలో కలప వ్యాపారి వచ్చాడు. ఇల్లు చూడలేదు. ఒక్కొక్క స్తంభాన్నీ వేలితో కొట్టి చప్పుడు విన్నాడు, ద్వారబంధాల కొలతలు తీసుకున్నాడు. "కూల్చే ఖర్చు కూడా మేమే పెట్టుకుంటామండీ, ఆయ్!" అన్నాడు మహా ఉదారంగా.

"స్తంభాలు తీసేస్తే ఇల్లెలా నిలబడుతుంది బాబూ?" అంది అమ్మ.

"ఇల్లు మాకెందుకండీ!"

కోనసీమలో ఎన్ని లోగిళ్ళు ఇలా మాయమయ్యాయో మీకు తెలియనిది కాదు. వాటి స్తంభాలు నగరాల్లో హోటళ్ళ గుమ్మాల్లో అలంకారంగా నిలబడుతున్నాయి.

గేటు తీస్తారా?

రెండో బేరం అలాంటిది కాదు. నగరం నుంచి ఒక హోటలు కంపెనీవాళ్ళు వచ్చారు. పదిహేనేళ్ళకి లీజు, మరమ్మతులన్నీ వాళ్ళవే. నిజం చెప్పొద్దూ, నాకు ఆశ పుట్టింది. కారైక్కుడిలో చెట్టియార్ల పాత బంగళాని మీనాక్షి మెయ్యప్పన్ అనే పెద్దావిడ 1999లో 'ది బంగళా' పేరుతో హోటలుగా తెరిచి, చెట్టినాడు వంటకి ఎక్కడెక్కడి వాళ్ళనో రప్పించారు. కేరళలో కుమరకోం దగ్గర పాత తరవాడు ఇళ్ళని కొయ్యకి కొయ్య విప్పి, కాయలు ఒడ్డున మళ్ళీ నిలబెట్టి 'కోకోనట్ లగూన్' చేశారు. మన హైదరాబాదులో ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటలయింది. మన గోదావరి ఒడ్డున దిండిలో రిసార్టు ఉంది గానీ అది కొత్తగా కట్టింది. మన మండువా ఇల్లు మాత్రం ఎందుకు కాకూడదు?

వాళ్ళు వేసిన బొమ్మలు నిజంగా ముచ్చటగా ఉన్నాయి. మండువా పైన అద్దం బిగించి, ఇల్లంతా ఏసీ. అరుగుల ముందు ఎత్తయిన గేటు, కాపలా. పెరట్లో అమ్మకి వేరే చిన్న వాటా.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని బొమ్మలన్నీ చూసి, ఒకటే అడిగింది.

"తుపానొస్తే ఈ గేటు తీస్తారా?"

వాళ్ళకి అర్థం కాలేదు. మాకు అర్థమైంది.

1996 నవంబరు 6. దీపావళికని పిల్లలతో నాలుగు రోజుల ముందే పుట్టింటికొచ్చాను. సాయంత్రానికి గాలి మొదలైంది. చీకటి పడ్డాక అది గాలి అనిపించలేదు, రైలు ఇంటి మీదుగా వెళుతున్నట్టుంది. కొబ్బరిచెట్లు మొదలంటా విరుగుతుంటే తుపాకులు పేలినట్టు చప్పుళ్ళు. ఎవరో తలుపు బాదారు. నాన్న తీశారు. మళ్ళీ మూయలేదు.

తెల్లారేసరికి మా ఇంట్లో అరవైమందికి పైగా ఉన్నారు. ఒకవైపు పెంకులు లేచిపోయాయి గానీ స్తంభాలు కదల్లేదు. ఇంకోమాట చెప్పాలి. అంతకుముందు అరుగు దాటి లోపలికి రానివ్వని పేటల వాళ్ళున్నారు మా ఊళ్ళో. చెప్పుకోవడానికి సిగ్గేసినా నిజం అదే. ఆ రాత్రి వాళ్ళ పిల్లలు, మా పిల్లలు ఒకే దుప్పట్లో పడుకున్నారు. బియ్యం డబ్బాలో ఉన్నదంతా అమ్మ గంజి కాచేసింది. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. మా మండలంలోనే భైరవపాలెం నుంచి వేటకెళ్ళిన ఎందరో తిరిగి రాలేదు.

అందుకే అమ్మ అలా అడిగింది. కంపెనీ అబ్బాయి మర్యాదగానే జవాబిచ్చాడు. "అతిథుల భద్రత చూసుకోవాలి కదమ్మా!" అతనన్నదీ తప్పు కాదు. కానీ ఆ బేరం అక్కడితో ఆగిపోయింది.

ముగ్గురి సంతకాలు

"మనమే చేద్దాం" అంది అక్క. బ్యాంకులో అప్పు కావాలంటే ఇంటి కాగితాలు తేలాలి. తాతగారి నాటి ఇల్లు. ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఇస్తూ మన రాష్ట్రం చట్టాన్ని సవరించింది 1985లో. అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు. 1988లో పెళ్ళయిన నాకు హక్కుంది, 1983లో పెళ్ళయిన అక్కకి లేదు! ఒకే తల్లి పిల్లలకి రెండు న్యాయాలు. 2005లో కేంద్రం చట్టం మార్చాక ఆ తేడా పోయింది. తండ్రి బతికున్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

అన్నయ్య పేచీ పెడతాడేమోనని భయపడ్డాను. "మీ ఇద్దరి సంతకాల్లేకుండా నేనేం చేసినా అమ్మ నన్ను గుమ్మంలోకి రానిస్తుందా?" అన్నాడు. పుట్టింటి కాగితం మీద అక్క మొదటిసారి సంతకం పెట్టింది. పెన్ను పక్కన పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సున్నం, బెల్లం, కరక్కాయ

తుపాను తర్వాత నాన్న గోడలకి సిమెంటు పూయించారు. మా మేస్త్రి ముందు దాన్నే గీకించాడు. ఇటుక, సున్నంతో కట్టిన గోడ తడి పీల్చుకుంటుంది, వదులుతుంది. సిమెంటు పూస్తే తడి బయటికి పోలేక లోపలే ఉండి, ఉప్పు పొంగి, పెచ్చులూడుతుంది. మాది సముద్రం దగ్గర ఊరాయె! అందుకని బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసి రుబ్బిన గుల్ల సున్నమే మళ్ళీ పూయించాం. పన్నెండు స్తంభాల్లో మూడింటికి అడుగున చెద పట్టింది. వడ్రంగి మొత్తం స్తంభం మార్చకుండా పాడైనంత మేరే కోసి, కొత్త టేకు ముక్క అతికాడు. కనిపిస్తూనే ఉంటుంది. కనిపించనివ్వమన్నాం.

మండువాకి అద్దం బిగించలేదు. వేడిగాలి పైకి పోయేది దానిలోంచే. అది పోతుంటేనే వీధి గుమ్మంలోంచీ పెరటి గుమ్మంలోంచీ చల్లగాలి లోపలికొస్తుంది. మూసేస్తే ఏసీ తప్పదు. వాన నాలుగు చూరుల నుంచీ మండువాలో పడి తూములోంచి పోతుంది. ఆ చప్పుడు వినడానికే వానాకాలంలో వచ్చేవాళ్ళున్నారంటే నమ్ముతారా?

అసలు కష్టం స్నానాల గదులతో వచ్చింది. పాత ఇంటి గోడలు పగలగొట్టకుండా గొడ్ల సావిడిని గదులుగా మార్చి వాటికి పెట్టించాం. మా దగ్గర రెండు మూరలు తవ్వితే నీరు ఊరుతుంది. అందుకని సెప్టిక్ ట్యాంకు నూతికి వీలైనంత దూరంగా, నేలకి ఎత్తుగా కట్టించాం.

ఇంటావిడ ఇంట్లో ఉండాల్సిందే

మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన ఉంటే నాలుగు సంగతులు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే నిబంధనల ప్రకారం గదులు ఆరుకి మించకూడదు. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. అంటే అమ్మని పెరట్లోకి పంపడం కాదు, అమ్మ ఉంటేనే అతిథిగృహం! భోజనం పెట్టడానికి ఆహార భద్రత సంస్థ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకి పంపాలి.

గదులు చూసుకునేది మా ఊరావిడే. మస్కట్‌లో పదకొండేళ్ళు ఇళ్ళల్లో పనిచేసి తిరిగొచ్చింది. మా వైపు పిల్లల్ని వదిలి గల్ఫు వెళ్ళిన తల్లులు ఎంతమందో! పక్క మీద దుప్పటి ముడత లేకుండా పరవడం ఆవిడే మాకు నేర్పింది. "అక్కడ చేసిన పనేనమ్మా. ఇక్కడైతే రాత్రికి మా ఇంటికెళ్ళి పడుకుంటాను" అంటుంది. తుపాను రాత్రి గంజి తాగిన పిల్లల్లో తనూ ఒకతి.

వంట అమ్మ చెప్పినట్టే. పొద్దున పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, మధ్యాహ్నం పనసపొట్టు కూర, కంద బచ్చలి, సాయంత్రం కొబ్బరిబొండం. టీవీ లేదు. మొదట్లో అడిగేవాళ్ళు. రెండోరోజు అడగరు. లాభాలంటారా? అప్పు వాయిదా, జీతాలు పోను మిగిలేది తక్కువే. కానీ పెంకులు నేయించడానికి అమ్మ ఎవరినీ డబ్బు అడగడం లేదు.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను వస్తోందనగానే బుకింగులు రద్దుచేసి, అతిథుల్ని పంపేశాం. నేను విజయవాడ నుంచి ఫోను చేస్తే "పెద్ద గిన్నె దింపించాను" అంది అమ్మ. ఇప్పుడు ఊళ్ళో చాలామందికి డాబాలున్నాయి. ఆ రాత్రి వచ్చినవాళ్ళు పదకొండుమందే. అందరికీ అతిథుల మంచాలే, అతిథుల దుప్పట్లే ఇచ్చిందట.

"గంజి మిగిలిపోయిందే" అంది మర్నాడు, కాస్త చిన్నబోయినట్టు. "పోన్లే, ఎవరికీ అవసరం పడలేదు."

వీధి గుమ్మం మాత్రం తెల్లారేదాకా తీసే ఉంచిందట.